కదిలే ఇంటికి కొయ్యనేల

శ్రావణమాసం వచ్చేసరికి మా తాతగారి ఇంటి వీథి తలుపు బిగుసుకొని పోయేది. భుజంతో నెట్టితేగాని తెరుచుకొనేది కాదు. ఆ తలుపే చైత్ర వైశాఖాలలో గాలికి దానంతట అదే తెరుచుకొని, మూసుకొని, రాత్రులు టపటప కొట్టుకొనేది. చిన్నతనంలో ఇది తలుపు అల్లరి అనుకొనేవాడిని. ఒక వానాకాలంలో వడ్రంగిని పిలిపిస్తే ఆయన తలుపును అటూ ఇటూ ఆడించి చూచి, చిత్రిక పట్టకుండానే సంచి సర్దుకొని, "సంక్రాంతికి అదే తగ్గుతుంది బాబూ! ఇప్పుడు గీకితే వేసవిలో సందు పడుతుంది" అని వెళ్ళిపోయినాడు. ఆ మాటలోని శాస్త్రం పూర్తిగా బోధపడడానికి నాకు నలభై ఏళ్ళు పట్టినది. బోధపడినది మా ఊరిలో కాదు. అమెరికాలో, ఒహాయో రాష్ట్రంలో, నా మేనల్లుడి ఇంటి ముందు నిలిపి ఉన్న ఒక మోటారు బండిలో.

మోటారు హోము అని అక్కడ వ్యవహరించే ఈ వాహనమును మన పాఠకులలో చాలామంది చూచి ఉండరు. లారీ చట్రం మీద కట్టిన ఇల్లు అనుకొనవచ్చును. పడక, పొయ్యి, నీటితొట్టి, స్నానపుగది అన్నీ అందులోనే. రోడ్డు మీద తిరగవలసినది కనుక వెలుపలి వెడల్పు సాధారణంగా ఎనిమిదిన్నర అడుగులకు మించదు. అందుచేత గోడలో కొంత భాగాన్ని సొరుగువలె వెలుపలికి జరిపే ఏర్పాటు చాలా బండ్లలో ఉంటుంది. ఆగినచోట గది వెడల్పవుతుంది. బయలుదేరేటప్పుడు సొరుగు మళ్ళీ లోపలికి వచ్చి నేల మీదుగా నిలుస్తుంది. ఈ సొరుగు సంగతి పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను. దానితో తరువాత పని ఉన్నది.

ఇంటిని వెంటబెట్టుకొని ప్రయాణించాలనే కోరిక అమెరికావారికే పుట్టినది కాదు. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18న చెన్నపట్టణం నుంచి కాశీకి బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగి వచ్చేవరకు డేరాలతో, పెద్ద పరివారంతో నడిచినారు. ఆయన డేరా వేసిన చోటే ఆయన ఇల్లు. అమెరికా రచయిత జాన్ స్టయిన్‌బెక్ 1960లో ఒక చిన్న ట్రక్కు మీద గది కట్టించుకొని, కుక్కను తోడు తీసుకొని, దేశం చుట్టి వచ్చినాడు. ఆ బండికి డాన్ క్విక్సోట్ గుర్రం పేరు పెట్టుకొన్నాడు. నా మేనల్లుడి పిల్లలిద్దరూ తమ బండికి పుష్పకం అని పేరు పెట్టినారు. పుష్పకంలో ఎందరెక్కినా మరొకరికి చోటు మిగులుతుందని ప్రతీతి. ఈ పుష్పకం అటువంటిది కాదని మాకు త్వరలోనే తెలిసివచ్చినది.

బండి పాతది. రెండు చేతులు మారి వచ్చినది. అందులో నేలంతా మందపు తివాచీ. దానిలో ఎవరిదో పెంపుడు కుక్క వాసన. మా అక్కయ్య, అనగా మేనల్లుడి తల్లి, మా బావగారు పోయిన తరువాత కొడుకు దగ్గరకు వెళ్ళినది. ఆమె అరవై దాటినా నేల మీద కూర్చుంటేనే కూర్చున్నట్టు. కూర తరగడం, పేపరు చదవడం, మధ్యాహ్నం నడుము వాల్చడం అన్నీ నేల మీదనే. బండి కొన్ననాడు లోపలికి తొంగిచూచి, "ఈ బొచ్చు మీద కాలు పెట్టడమే కష్టం, ఇక కూర్చోవడం ఎక్కడిది?" అన్నదట. మేనల్లుడు ఆ మాట మనసులో పెట్టుకొన్నాడు. 2023 ఫిబ్రవరిలో తివాచీ పీకివేసి, అసలైన ఓకు పలకలు తెచ్చి, తానే నేల వేసినాడు. పలక మందం ముప్పాతిక అంగుళం, వెడల్పు రెండుంబావు అంగుళాలు. ఒక పలక అంచున నాలుక, పక్క పలక అంచున గాడి. నాలుకను గాడిలో దూర్చి, కనబడకుండా మేకు కొట్టుకొంటూ పోవడం. ఎక్కడా సూది దూరే సందు లేకుండా గోడ నుంచి గోడకు బిగించినాడు. పలకలు అమ్మిన దుకాణంలో ఎవరో అంత బిగువుగానే వేయమన్నారట. అక్కయ్య ఆ నేల మీద కూర్చుని తీయించుకొన్న ఫోటో మా అందరికీ వచ్చినది. చాలా కాలానికి ఆమె ముఖంలో నవ్వు చూచినాము.

నేను ఆ సంవత్సరం మే నెలలో వెళ్ళినాను. జూలై మొదట్లో అందరం కలిసి పడమటి కనుమలు చూడబోవాలని ఏర్పాటు. జూన్‌లో నాలుగు రోజులు ముసురు పట్టినది. ఐదవనాడు ఉదయం మేనల్లుడు బండి తలుపు తీసి, లోపలికి చూచి, మాట్లాడకుండా మెట్టు మీద కూర్చుండిపోయినాడు. నేల నడుమ పలకలు రెండువైపుల నుంచి ఒకదానినొకటి తోసుకొని, ఎద్దు మూపురంవలె లేచి నిలిచినవి.

ఇక్కడ విద్యార్థులకు ఒక చిన్న లెక్క. కొయ్య చచ్చిన తరువాత కూడా గాలిలోని తేమను తాగుతూ, విడుస్తూ ఉంటుంది. తేమ పెరిగితే పలక పొడవులో ఇంచుమించు పెరగదు, వెడల్పులో పెరుగుతుంది. అడ్డకోత ఓకు పలక, లోపలి తేమ ఒక్క శాతం మారితే, వెడల్పులో అంగుళానికి ఇంచుమించు 0.0037 అంగుళం మారుతుంది. మేనల్లుడి దగ్గర తేమను కొలిచే చిన్న పరికరం ఉన్నది. ఫిబ్రవరిలో, వెచ్చబెట్టిన షెడ్డులో, పలకలలో తేమ 6 శాతం. ఆ జూన్ ఉదయం 11 శాతం. కనుక రెండుంబావు అంగుళాల పలక ఒక్కొక్కటి పెరిగినది ఒక మిల్లీమీటరు మాత్రమే. కాని నేల వెడల్పు ఆరడుగులు. పలకలు ముప్పది రెండు. ముప్పది రెండు మిల్లీమీటర్లకు చోటు ఎక్కడిది? అటు గోడ, ఇటు గోడ. పైకి లేవడం తప్ప దానికి గతి లేదు. ఇళ్ళలోనూ కొయ్యనేల పెరుగుతుంది. అయితే ఇంటిలో చలికాలం వేడి, వేసవిలో చల్లదనం ఏదో ఒక హద్దులో ఉంటవి. బండి చలికాలమంతా మంచులో గడ్డకట్టి, వేసవిలో ఎండకు ఉడికి, ముసురుకు నానుతుంది.

నాకు వెంటనే మా తాతగారి తలుపు జ్ఞాపకం వచ్చినది. వేసవిలో బండిచక్రం ఎండి ఇనుపకట్టు వదులైతే, రైతు బండిని తోలుకొనిపోయి చెరువులో నిలిపేవాడు. నానిన కొయ్య ఉబ్బి కట్టును పట్టుకొనేది. ఏ బలాన్ని మనవాళ్ళు చక్రానికి ఉపయోగించుకొన్నారో, ఆ బలమే ఇక్కడ నేలను విరిచినది. ఈ మాట మేనల్లుడితో చెప్పినాను. "నాలుగు నెలల క్రితం చెప్పవలసింది, మామయ్యా!" అన్నాడు. దానికి నా దగ్గర సమాధానం లేదు. తెలుగు పాఠం చెప్పుకొనేవాడికి ముందుగా తోచే విషయం కాదు కదా.

ఆ రాత్రి అక్కయ్య నన్ను పక్కకు పిలిచి, "నా మాట పట్టుకొనే కదరా వాడు వేసినది. మీరందరూ వెళ్ళిరండి, నేను ఇంట్లో ఉంటాను. నాకేం చూడాలని ఉన్నది?" అన్నది. నేను ఏమేమో చెప్పినాను కాని ఆమె వినలేదు. మరునాటి ఉదయం మేనల్లుడు, నేను పారలు, పటకారులు పుచ్చుకొని నేల ఊడదీయడానికి దిగినాము.

ఊడదీసేటప్పుడు మరి రెండు రహస్యములు బయటపడినవి. మొదటిది, సొరుగు లోపలికి వచ్చేచోట పలకల మీద రెండు పొడుగాటి గీతలు. పాత తివాచీ మందానికి సరిపెట్టిన సొరుగు, మందపు ఓకు మీద రాసుకొంటున్నది. రెండవది బరువు. బండి తలుపు దగ్గర ఒక పసుపు చీటీ అతికించి ఉన్నది: మనుషులు, సామాను కలిసి 1,400 పౌన్లకు మించరాదని. మేనల్లుడు ఇంజనీరే అయినా ఆ చీటీని అంతవరకు శ్రద్ధగా చదవలేదు. ముప్పాతిక అంగుళపు ఎర్ర ఓకు చదరపు అడుగుకు సుమారు 2.75 పౌన్లు తూగుతుంది. ఆరడుగుల వెడల్పు, ఇరవై అడుగుల పొడవు నేలకు 330 పౌన్లు. అనగా 150 కిలోలు. నీటితొట్టి 40 గాలన్లది. గాలను నీరు 8.3 పౌన్లు కనుక, నిండు తొట్టి 332. ఆరుగురు మనుషులము కలిసి 730. మొత్తం 1,392. ఇక మిగిలినది ఎనిమిది పౌన్లు. పొయ్యి మీదికి గిన్నెలు, పిల్లల బట్టలు మాట అటుంచి, అక్కయ్య సిద్ధం చేసిన ఆవకాయ జాడీకే చోటు లేదు! పీకివేసిన తివాచీ బరువు తీసివేసినా పెద్దగా ఒరిగేది లేదు. బరువు మించితే టైర్లు పేలవచ్చును, బ్రేకులు ఆలస్యంగా పట్టవచ్చును. నేల లేచి మమ్మల్ని అల్లరిపెట్టినదేగాని ఒక విధంగా మేలే చేసినది.

రెండవసారి పని తొందర లేకుండా జరిగినది. తలుపు పక్క కింది చెక్క కాలితో నొక్కితే మెత్తగా దిగుతున్నది. కిటికీ అంచు నుంచి కారిన నీరు ఎన్నాళ్ళుగానో అక్కడ చేరుతున్నది. ముందు కిటికీ సందు పూడ్చి, కుళ్ళిన మేర కోసి, కొత్త ప్లైవుడ్డు వేసినాము. పాత తివాచీని పట్టుకొన్న చిన్న తీగముల్లులు వందల కొలది ఉన్నవి. వాటిని ఒక్కొక్కటిగా లాగడం నా వంతు. పరీక్ష పేపర్లు దిద్దిన ఓర్పు అక్కడ అక్కరకు వచ్చినది. నేల కింద నీటితొట్టి, తీగెలు, వేడిగాలి గొట్టాలు పోతున్నవి కనుక ఎక్కడా పొడుగు మరలు దించకుండా జాగ్రత్తపడినాము.

ఈమారు తెచ్చిన పలక వేరు. పైన పలుచని ఓకు పొర, దాని కింద ఒకదానికొకటి అడ్డంగా అతికిన పొరలు. ఒక పొర సాగబోతే దాని కింది పొర పట్టి ఆపుతుంది. పొడవులో కొయ్య పెరగదని పైన చెప్పినాను గదా, ఆ గుణమే దీనికి ఆధారం. మందం సగం, బరువు సగానికి దగ్గర, సొరుగు తగలదు. "అయితే ఇది అసలు కొయ్య కాదన్నమాట" అని అక్కయ్య పెదవి విరిచినది. పైన ఉన్నది అసలే అని మేనల్లుడు ఒక ముక్క కోసి చూపించినాడు. ఆమె గోటితో గీచి చూచి ఊరకున్నది. నా మటుకు నాకు కూడా నిండు పలక మీదనే మోజు. ఇంటికి అదే అందం. బండికి మాత్రం నిండు పలక వద్దని ఇప్పుడు ఎవరడిగినా చెప్పగలను.

పెట్టెలు విప్పి పలకలను ఏడు రోజులు బండిలోనే ఉంచినాము, ఆ గాలికి అలవాటు పడడానికి. పలకలను బండి పొడవునే పరిచినాము. అడ్డంగా వేస్తే పెరుగుదల అంతా ఇరవై అడుగుల వెంబడి పోగుపడుతుంది. రోడ్డు మీద చట్రం మెలితిరిగినప్పుడు విరగకుండా, ఆరినా సాగే జిగురు పూసినాము. చుట్టూ గోడలకు అరంగుళం ఖాళీ విడిచి, దానిమీద సన్నని బీడింగు కొట్టినాము. ఆ బీడింగును గోడకే కొట్టవలెను. నేలకు కొట్టితే విడిచిన ఖాళీ దండుగ. మేనల్లుడు ఖాళీ విడుస్తూ, "చూస్తే ఏదో పని చేతకానివాడు వేసినట్టుంది, మామయ్యా" అన్నాడు. మా ఊరి వడ్రంగి చిత్రిక పట్టకుండా వెళ్ళిన కథ అప్పుడు చెప్పినాను.

పాత ఓకు పలకలలో విరగనివి చాలా మిగిలినవి. వాటిని పారవేయడానికి అక్కయ్య ఒప్పుకోలేదు. షెడ్డులో కూర్చుని మేనల్లుడు వాటిని కోసి, అతికి, అంచులు గుండ్రం చేసి ఆరు పీటలు చేసినాడు. అన్నీ ఒక్క ఎత్తున లేవు. ఒకదానికి కాలు కొంచెం కుంటు. అక్కయ్య ఆ కుంటిపీటనే తనకు ఎంచుకొని, మడిచిన కాగితం ముక్క కాలికింద పెట్టి, బండిలో పొయ్యి పక్కన వేసుకొన్నది. వెళ్ళడం సంగతి ఎవరూ ఆమెను మళ్ళీ అడగలేదు. బయలుదేరే ముందు రోజు సాయంకాలం ఆవకాయ జాడీ పుచ్చుకొని తానే బండి ఎక్కినది. తొట్టిలో నీళ్ళు సగమే నింపినాము.

అటు తరువాత జనవరిలో మేనల్లుడు ఫోను చేసినాడు. బయట మోకాలి లోతు మంచు. బీడింగు ఒకచోట ఊడదీసి చూచినాడట. గోడకు, నేలకు నడుమ సందు కొంచెం పెరిగినది. పలకల మధ్య మాత్రం ఎక్కడా విడలేదు. పీటలలో రెండింటికి అతుకు దగ్గర సన్నని నెర్రె వచ్చిందన్నాడు. వానాకాలానికి కలుస్తుందేమో చూడమన్నాను.