నౌకా జాబితాల్లో ఇంటిపేరు: నేటాల్ తెలుగు కుటుంబాల మూలాల అంతర్జాల అన్వేషణ

1860 నవంబరు 16న ట్రూరో అనే నౌక మద్రాసు నుంచి 342 మందితో డర్బన్ రేవు చేరింది. అలా మొదలై 1911 వరకు సాగిన ఒప్పంద కూలీల వలసలో లక్షా 52 వేల మందికి పైగా భారతీయులు దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు వెళ్లారు. వారిలో అధికసంఖ్యాకులు మద్రాసు రేవులో ఓడ ఎక్కినవారే. వీరిలో తెలుగువారు గణనీయంగా ఉన్నారు. ఆనాటి నౌకా జాబితాలను క్వాజులు-నేటాల్ విశ్వవిద్యాలయానికి చెందిన గాంధీ-లూతులి డాక్యుమెంటేషన్ సెంటర్ అంతర్జాలంలో అందుబాటులోకి తెచ్చింది. మూలాలు వెతుక్కునే నాలుగో, అయిదో తరం వారసులకు మొదటి ఆధారం ఇదే.

తెలుగువాడు వంశాన్ని ఇంటిపేరుతో వెతకడం సహజం. ఈ జాబితాల్లో ఆ దారి మూసుకుపోతుంది. కూలీ సంఖ్య, పేరు, తండ్రి పేరు, వయసు, లింగం, కులం, జిల్లా, తాలూకా, గ్రామం, ఒంటిమీది గుర్తులు మొదలైన వాటికి గడులున్నాయి, ఇంటిపేరుకు లేదు. నేడు దక్షిణాఫ్రికాలో ఇంటిపేరుగా చలామణి అవుతున్న ‘నాయుడు’, ‘రెడ్డి’ అక్కడ స్థిరపడ్డాక వంశనామాలైన బిరుదాలు, కులనామాలు మాత్రమే. వాటితో వెతికితే సంబంధం లేని వందలాది కుటుంబాలు ఎదురవుతాయి. దీనికి భిన్నంగా అప్పల్‌సామి, అప్పల్‌రాజు వంటి ఇంటిపేర్లు ఎంతో విలువైనవి. తాతముత్తాతల వ్యక్తినామాలే అక్కడ వంశనామాలయ్యాయి. పైగా సింహాద్రి అప్పన్న పేరు వాటిలో నిలిచి, ఉత్తరాంధ్ర వైపు దారి చూపుతుంది. నామవిజ్ఞాన పరిశోధకులు ఈ సామగ్రిపై ఇంకా శ్రద్ధ పెట్టవలసి ఉంది.

కనుక అన్వేషణకు అసలు తాళంచెవి కూలీ సంఖ్య. వలస పాలనాయంత్రాంగం మనిషిని పేరుకన్నా ఆ సంఖ్యతోనే గుర్తించింది. వివాహ, మరణ పత్రాల్లోనూ అది కనిపిస్తుంది. ఇంట్లో మిగిలిన పాత కాగితం మీద ఆ అంకెలుంటే జాబితాలోని ఒకే ఒక్క వరుసకు చేరవచ్చు.

సంఖ్య దొరకనివారికి పేరే శరణ్యం. తెలుగు పేర్లను గుమాస్తాలు తమకు వినిపించినట్లు ఇంగ్లీషులో రాసుకున్నారు. ఇటువంటి వర్ణక్రమ భేదాలను అధిగమించడానికి వంశావళి ఉపకరణాలు పలుచోట్ల సౌండెక్స్ అనే పద్ధతిని వాడతాయి. 1918లో అమెరికాలో పేటెంటు పొందిన ఈ పద్ధతి పేరులోని తొలి అక్షరాన్ని యథాతథంగా ఉంచి, తరువాతి హల్లుల్లో మూడింటిని అంకెలుగా మారుస్తుంది; అచ్చులను వదిలేస్తుంది. ‘వెంకట’ను సి అక్షరంతో రాసినా, కె అక్షరంతో రాసినా ఫలితం ఒకటే కావడం దీని ప్రయోజనం. కాని ‘ఎల్లమ్మ’ను ఒక గుమాస్తా ఇ అక్షరంతో, మరొకరు వై అక్షరంతో మొదలుపెడితే ఆమె రెండు వేర్వేరు వ్యక్తులవుతుంది. అప్పలనాయుడు, అప్పలనరసమ్మ మాత్రం ఒకే సంకేతంలో చేరిపోతారు! దీర్ఘనామాలు గల తెలుగుకు మూడంకెల సంకేతం చాలదు. తొలి అక్షరాలను మార్చి మార్చి వెతకడమే ప్రస్తుతానికి ఉపాయం.

జిల్లా పేరు విషయంలో పొరపాటు మరింత సులభం. ‘గంజాం’ అని చూడగానే ఒడిశా మూలమనుకోవడం కద్దు. 1936 వరకు శ్రీకాకుళం, టెక్కలి ప్రాంతాలు గంజాం జిల్లాలోనివే. అలాగే చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడింది. అంతకుముందు చిత్తూరు, చంద్రగిరి తాలూకాలవారు ‘ఉత్తర ఆర్కాటు’ వారుగా నమోదయ్యారు. ఈ చరిత్ర తెలియని వారసుడు తన కుటుంబం తమిళులదని తీర్మానించుకునే ప్రమాదం ఉంది. కులం గడిలో ‘జెంటూ’ అని ఉంటే సందేహం తొలగుతుంది. మద్రాసు ఇంగ్లీషు వాడుకలో అది తెలుగువారికున్న పేరు.

డిఎన్ఏ పరీక్షలు పూర్తి పరిష్కారం కావు. మేనరికాలు తరతరాలుగా సాగిన కుటుంబాల్లో జన్యుసామ్యం ఎక్కువగా ఉండి, దూరపు బంధువు దగ్గరివాడిగా కనిపిస్తాడు.

గ్రామం తేలాకే ఇంటిపేరు ప్రస్తావనకు వస్తుంది. ఎన్నికల సంఘం అంతర్జాలంలో ఉంచిన తెలుగు ఓటర్ల జాబితాలు ఆ ఊరి ఇంటిపేర్లను చూపుతాయి. వారసుల ఇంట మౌఖికంగా నిలిచిన గోత్రంతో, ఇలవేల్పుతో వాటిని పోల్చవచ్చు. అయితే ఒకే ఊరి నుంచి ఇద్దరు అప్పన్నలు ఓడ ఎక్కి ఉండవచ్చు. తండ్రి పేరు, వయసు, ఒంటిమీది మచ్చ చూడకుండా ఒకరిని ఎంచుకుంటే, పరాయి గడప ముందు నిలబడి పూర్వీకులకు దండం పెట్టుకున్నట్లే.