గీజరు మొరాయిస్తోందా?

చలికాలం మొదలవగానే బాన్సువాడ ఇళ్లలో ఓ తర్జనభర్జన. స్నానాల గదిలో ఉన్న పాత గీజరును బాగు చేయించాలా, పీకేసి కొత్తది పెట్టించాలా? కొట్టుకు వెళ్లే ముందు ఇంట్లోనే చూసుకోవాల్సిన సంగతులు చాలా ఉన్నాయి.

సరిగ్గా దీపావళికే బయటపడుతుంది దాని సంగతి. శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్లిపోయాక కట్టేసిన గీజరును మళ్లీ నరక చతుర్దశి తెల్లవారుజామున, తలంటు కోసం వేస్తారు. అరగంటైనా ఎర్ర లైటు ఆరదు. ఆరినా నీళ్లు గోరువెచ్చగానే వస్తాయి. లేదంటే లోపల గులకరాళ్లు దొర్లుతున్నట్టు చప్పుడు. కొన్ని ఇళ్లలో తుప్పు రంగు నీళ్లు. అన్నిటికన్నా హడలెత్తించేది, కుళాయి ముట్టుకోగానే వేలికి చురుక్కుమనడం. ఇంట్లో ముసలివాళ్లో, చంటిపిల్లలో ఉంటే ఇక చెప్పేదేముంది! ఆ పూటకు గ్యాస్ పొయ్యి మీద గిన్నె పెట్టి పండగ గట్టెక్కించినా, మర్నాటి నుంచి అసలు ప్రశ్న మొదలవుతుంది.

ఒకప్పుడు ఈ బాధ లేదు. పెరట్లో రాగి బాయిలరో, మూడు రాళ్ల మీద గంగాళమో ఉండేది. మొక్కజొన్న బెండ్లు, ఎండు పుల్లలు వేస్తే ఇంటిల్లిపాదికీ నీళ్లు కాగేవి. పాడవడానికి అందులో ఏముంది కనుక? పెరళ్లు పోయి డాబాలు వచ్చాయి, పొగ భరించే ఓపిక పోయింది, గీజరు గోడెక్కింది. అన్నట్టు ఆ పేరు మనం ఇంగ్లండు నుంచి తెచ్చుకున్నది. 1868లో లండన్‌లో బెంజమిన్ వాడీ మాన్ అనే ఆయన గ్యాసుతో నీళ్లు కాచే యంత్రం చేసి, ఐస్‌లాండ్‌లో నేలలోంచి ఎగజిమ్మే వేడినీటి బుగ్గ పేరు దానికి పెట్టాడు. 

సున్నంతోనే చిక్కు

మంజీర మీద 1923లో మొదలుపెట్టి 1931 నాటికి నిజాంసాగర్ కట్టారు. ఆ కాలువలతో చుట్టుపక్కల పొలాలు పచ్చబడ్డాయి. కానీ బాన్సువాడలో చాలా ఇళ్ల స్నానాల గదుల్లోకి వచ్చేది ఇప్పటికీ బోరు నీరే. మిషన్ భగీరథ నీళ్లను తాగడానికీ వంటకీ పట్టుకుని, డాబా మీద ట్యాంకును బోరుతో నింపుకోవడం మామూలు. రాతి పొరల్లోంచి వచ్చే ఆ నీటిలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు కరిగి ఉంటాయి. సబ్బు నురగ రాదు, జుట్టు అట్టకడుతుంది, బకెట్ అంచున తెల్లటి చారలు మిగులుతాయి. తాగునీటికి భారతీయ ప్రమాణాల సంస్థ చెప్పిన కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు. వేరే దారి లేనిచోట 600 దాకా ఫర్వాలేదంది. అది మనుషులకు పెట్టిన లెక్క. గీజరుకు అంత సహనం లేదు.

చక్కెర, ఉప్పు వేడినీళ్లలో బాగా కరుగుతాయి. సున్నం తీరు వేరు. నీళ్లు కాగేకొద్దీ అది విడిపోయి గట్టిపడుతుంది. ఎక్కడ వేడి ఎక్కువో అక్కడే, అంటే ఎలిమెంట్ మీదే, పొరలు పొరలుగా పేరుకుంటుంది. 60 డిగ్రీలు దాటితే ఈ పని మరీ జోరుగా సాగుతుంది. ఆ పొర కింద ఎలిమెంట్ వేడి నీటికి తొందరగా అందక, అదే కాలి కాలి ఓ రోజు పగులుతుంది. అడుగున రాలిన సున్నం కింద చిక్కుకున్న నీళ్లు బుడగలై పేలడం వల్లే ఆ గులకరాళ్ల చప్పుడు. మట్టి నిండిన చెరువులో నీరు తక్కువ పట్టినట్టే, గీజరులోనూ వేణ్నీళ్లు తగ్గుతాయి.

అయితే నీళ్లు ఆలస్యంగా కాగడానికి ప్రతిసారీ సున్నం కారణం కాదు. ఇక్కడే చాలామంది తొందరపడి కొత్తది కొనేస్తారు. రెండు కిలోవాట్ల గీజరు 230 వోల్టుల కరెంటులో 15 లీటర్ల నీటిని 20 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకు తేవడానికి దాదాపు 21 నిమిషాలు పడుతుంది. అదే వోల్టేజి 180కి పడిపోతే ఆ గీజరు రెండు కిలోవాట్లు కాదు, పన్నెండు వందల వాట్ల చిల్లరే. అప్పుడు అదే పనికి 34 నిమిషాలు. వోల్టేజి ఐదోవంతు తగ్గితే వేడి మూడోవంతుకు పైగా తగ్గడం దీని లక్షణం. కాబట్టి గీజరును తిట్టుకునే ముందు ఎలక్ట్రీషియన్‌తో మీటరు పెట్టించి, తెల్లవారు ఆరు గంటలప్పుడు వోల్టేజి ఎంతుందో చూడండి. పదకొండు గంటలకు చూస్తే లాభం లేదు. తప్పు లైనుదైతే కొత్త గీజరు కూడా అలాగే కాగుతుంది.

తాను అరిగి ట్యాంకును కాచే కడ్డీ

గీజరు లోపల మెగ్నీషియం కడ్డీ ఒకటి ఉంటుంది. కొనేటప్పుడు దాన్ని చూపించేవాళ్లు తక్కువ, ఆ తర్వాత అడిగేవాళ్లు ఇంకా తక్కువ. నీళ్లకు ఇనుప ట్యాంకు తినుబండారం. పక్కన అంతకన్నా తొందరగా కరిగే లోహం ఉంటే ముందు దాన్ని తిని, ట్యాంకు జోలికి రావు. 1824లో సర్ హంఫ్రీ డేవీ ఇంగ్లండు యుద్ధనౌకల రాగి రేకులు ఉప్పునీటికి తినుకుపోకుండా జింకు, ఇనుము ముక్కలు తగిలించి చూపించిన కిటుకే ఇది. కడ్డీ పూర్తిగా అరిగిపోయాక నీళ్లు ట్యాంకు మీద పడతాయి. అందుకే బోరు నీళ్లున్న ఇంట్లో ఏడాదికోసారి గీజరు విప్పించి, సున్నం తీయించి, కడ్డీ ఎంత మిగిలిందో చూపించుకోవాలి. సర్వీసుకు వచ్చినతను పైపైన తుడిచి వెళ్లిపోతానంటే ఒప్పుకోకండి. కడ్డీ తీసి చూపించమనండి.

రిపేరా... కొత్తదా?

ఎలిమెంట్, థర్మోస్టాట్, సేఫ్టీ వాల్వ్, గాస్కెట్, వైరు... వీటిలో ఏది పోయినా బాగు చేయించుకోవచ్చు. ట్యాంకు చిల్లుపడితే మాత్రం దాని కథ అయిపోయినట్టే. లోపల గాజు పూత ఉన్న ట్యాంకుకు వెల్డింగు పెడితే ఆ వేడికి పూత లేచిపోయి, నెల తిరక్కుండా పక్కనే ఇంకో చిల్లు. కారేది ట్యాంకా, పైపు బిగింపా అన్నది ముందు తేల్చుకోవాలి. పై నుంచి జారిన నీళ్లు కూడా అడుగునే చుక్కలుగా కనిపిస్తాయి మరి! వేడి, చల్లటి పైపుల బిగింపులు పొడిగుడ్డతో తుడిచి, కాసేపాగి చూడండి. అవి పొడిగా ఉండి బయటి కవచం అతుకుల్లోంచి నీరు వస్తుంటే ఆశ వదులుకోవచ్చు. తుప్పు నీళ్లు వేడి కుళాయిలోనే వచ్చి, చల్లటి దాంట్లో రాకపోయినా అదే సూచన. ఇక ఏడెనిమిదేళ్లు దాటిన గీజరుకు ఎలిమెంటూ థర్మోస్టాటూ ఒకేసారి పోతే, ఆ డబ్బు కొత్తదానికి జతచేయడమే మేలని నా అభిప్రాయం.

సేఫ్టీ వాల్వ్ దగ్గర మాత్రం ఒక పొరపాటు జరుగుతుంటుంది. నీళ్లు కాగుతుంటే అక్కడ చుక్కలు పడతాయి. అది జబ్బు కాదు. 20 నుంచి 60 డిగ్రీలకు వచ్చేసరికి 15 లీటర్ల నీరు దాదాపు పావు లీటరు ఉబ్బుతుంది. ఆ పావు లీటరు ఎటో పోవాలి కదా! నేల తడుస్తోందని ఆ రంధ్రంలో పుల్ల కుక్కేవాళ్లూ, ఎంసీల్ అంటించేవాళ్లూ ఉన్నారు. ఇంతకంటే ప్రమాదం లేదు. థర్మోస్టాట్ మొండికేసి కరెంటు ఆగకపోతే, నీరు ఆవిరై పదహారు వందల రెట్లు వ్యాపించాలని చూస్తుంది. దారి మూసేస్తే అది గీజరు కాదు, గోడకు వేలాడే బాంబు. చుక్కలు పడుతుంటే చిన్న పైపు తగిలించి తూముదాకా వదిలేయండి.

చురుక్కుమంటే మాత్రం ఆలోచించొద్దు

ఎలిమెంట్ పగిలితే కరెంటు నేరుగా నీళ్లలోకి దిగుతుంది. ఎర్తింగ్ సరిగ్గా ఉంటే అది భూమిలోకి పోయి ఫ్యూజు కొట్టేస్తుంది. లేకుంటే తడి ఒంటితో నిలబడ్డ మనిషే దానికి దారి. కుళాయి చిన్నగా చురుక్కుమన్నా సరే, మెయిన్ కట్టేసి, మనిషిని పిలిచి చూపించేదాకా ఆ గది స్విచ్ ముట్టుకోకూడదు. చెప్పులేసుకుని కానిచ్చేద్దాం అనుకోవడం ప్రాణంతో చెలగాటమే.

ఎంసీబీ ఉంది కదా అని నిశ్చింతగా ఉంటారు చాలామంది. అది వైర్లను కాపాడుతుంది, మనిషిని కాదు. మనిషిని కాపాడేది 30 మిల్లీ యాంపియర్ల ఆర్‌సీసీబీ. ఇంట్లోకి వెళ్లిన కరెంటు అంతా వెనక్కి రావడం లేదని పసిగట్టి రెప్పపాటులో కట్టేస్తుంది. కొత్త గీజరు కొనేవాళ్లు ఐదు లీటర్లు తగ్గించుకునైనా సరే, ఇది లేకుంటే పెట్టించుకోవాలి. పాత ఇళ్లలో ఎర్తు గుంత ఎక్కడుందో ఇంటివాళ్లకే తెలియదు. బొగ్గు, ఉప్పు వేసి పాతిన ఆ గుంత ఎండాకాలానికి ఎండిపోయి పనిచేయడం మానేస్తుంది. అప్పుడప్పుడూ రెండు బిందెల నీళ్లు పోస్తుండాలి. గీజరు సాకెట్ 16 యాంపియర్లదై ఉండాలి, మిక్సీ పెట్టుకునే సన్న సాకెట్ కాదు.

గీజరు బాగయ్యేదాకా బకెట్లో రాడ్డు పెట్టుకునే ఇళ్లకూ ఓ మాట. రాడ్డుకు కరెంటు తక్కువ కాలుతుందన్నది భ్రమ. అదే బకెట్ నీళ్లు, అదే వేడి అయితే యూనిట్లూ దాదాపు అంతే. స్విచ్ కట్టి, ప్లగ్ పీకాకే నీళ్లు ముట్టుకోవాలి. వేడెక్కాయో లేదోనని వేలు పెట్టి చూడటం వల్ల పోయిన ప్రాణాలు తక్కువేం కాదు.

ఎంతది కొనాలి?

షాపులో ముందు పెద్దది చూపిస్తారు. 60 డిగ్రీల నీళ్లు 15 లీటర్లకు, 20 డిగ్రీల చన్నీళ్లు మరో 15 లీటర్లు తోడైతే 30 లీటర్లు, 40 డిగ్రీల స్నానపు నీళ్లు. అంటే బకెట్టున్నర. వేణ్నీళ్లకు చన్నీళ్లు తోడన్న సామెత ఊరికే పుట్టలేదు! ఒకరి తర్వాత ఒకరు బకెట్‌తో పోసుకునే నలుగురికి 15 లీటర్లది చాలు, మధ్యలో కాస్త ఆగాలంతే. షవర్ అలవాటైతే 25 చూడండి.

స్టార్ల సంగతి కూడా తెలుసుకోవాలి. గీజరు మీద ఉండే నక్షత్రాలు అది ఎంత తొందరగా కాచుతుందో చెప్పవు. కాగిన నీటిని ఇరవై నాలుగు గంటలూ అదే వేడిలో ఉంచడానికి ఎంత కరెంటు పోతుందో చెబుతాయి. రోజంతా వేసి ఉంచే ఇంటికి ఐదు స్టార్లు డబ్బు మిగులుస్తాయి. స్నానానికి ముందు వేసి, అవగానే కట్టే ఇంటికి ఆ తేడా కొంచెమే. ఎనిమిది బార్ల ఒత్తిడి తట్టుకుంటుందనే మాటకూ మురిసిపోనక్కర్లేదు. ట్యాంకు పది మీటర్ల ఎత్తులో ఉంటే వచ్చేది ఒక్క బారు. రెండంతస్తుల ఇంటికి అంతకన్నా ఎక్కువ రాదు. ప్రెషర్ పంపు పెట్టుకున్నవాళ్లకూ, ఎత్తయిన అపార్ట్‌మెంట్లకూ అది కావాలి. మన బోరు నీళ్లకు అసలు అడగాల్సింది ట్యాంకు లోపలి పూత, దాని మీద వారంటీ ఎన్నేళ్లు, కడ్డీ స్థానికంగా దొరుకుతుందా అన్నవి. ఐఎస్ఐ గుర్తు లేనిదాన్ని చవకగా ఇచ్చినా వద్దు.

గ్యాస్ గీజరు చవక, వెంటనే కాచుతుంది. నిజమే. కానీ తలుపులు మూసిన చిన్న స్నానాల గదిలో అది మండితే గాలి చాలక కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. వాసన లేదు, రంగు లేదు. స్నానానికి వెళ్లినవాళ్లు స్పృహతప్పి అక్కడే ప్రాణాలు వదిలిన ఘటనలు దేశంలో ఎన్నో చోట్ల జరిగాయి. పెట్టుకుంటే గది బయట, గాలి ఆడేచోటే. సొంత డాబా ఉన్నవాళ్లకు సోలార్ మంచిది. వంద లీటర్లది నలుగురికి సరిపోతుంది. అయితే సున్నం బెడద దానికీ తప్పదు, గొట్టాలు కడిగించుకోవాల్సిందే.

సున్నా బిల్లు గీత

కరెంటు లెక్క ఇప్పుడు కొత్తగా తలనొప్పయింది. 2024 మార్చి నుంచి గృహజ్యోతి కింద అర్హులైన కుటుంబాలకు నెలకు 200 యూనిట్ల దాకా బిల్లు సున్నా. ఆ గీత దాటితే మొత్తం కట్టాల్సిందే. డిసెంబరు చలిలో నలుగురు తలా బకెట్ వేణ్నీళ్లు పోసుకుంటే రోజుకు దాదాపు రెండు యూనిట్లు, నెలకు అరవై. ఎండాకాలంలో కూలర్ చేసే పనిని చలికాలంలో గీజరు చేస్తుందన్నమాట. 170లో ఉండే ఇల్లు 230కి చేరుతుంది. థర్మోస్టాట్‌ను 75 నుంచి 55కు తగ్గించి, స్నానాలన్నీ వరసగా కానిచ్చి, స్విచ్ కట్టేస్తే కొంత కలిసొస్తుంది. సున్నం పేరుకోవడమూ తగ్గుతుంది. పిల్లలున్న ఇంట్లో ఇంకో లాభం. 60 డిగ్రీల నీళ్లు ఐదారు సెకన్లలో చర్మాన్ని కాలుస్తాయి, పసివాళ్లకు అంత సేపూ పట్టదు. 

ఇక బిగించే రోజు. 25 లీటర్ల గీజరు నిండితే నీళ్లే పాతిక కిలోలు, దాని సొంత బరువు అదనం. నాలుగంగుళాల గోడకు చిన్న మేకులతో తగిలిస్తానంటే ఒప్పుకోవద్దు. బిగించాక స్విచ్ వేసే ముందు వేడి కుళాయి తిప్పి, గాలంతా పోయి నీళ్లు ధారగా వచ్చేదాకా ఆగాలి. ఖాళీ ట్యాంకులో ఎలిమెంట్ వెలిగితే నిమిషాల్లో మాడిపోతుంది, దానికి వారంటీ కూడా రాదు. పని చేసినతను వెళ్లేలోగా ఆర్‌సీసీబీ మీదున్న టెస్ట్ బటన్ నొక్కి చూపించమనండి. టప్‌మని పడిపోవాలి. ఆ తర్వాత మార్కర్‌తో గీజరు పక్కన తేదీ రాసిపెట్టుకోండి, వచ్చే దసరాకి కడ్డీ విప్పించి చూడటానికి.