లేపాక్షి వర్ణచిత్రములు : స్థానిక చరిత్రకు ఒక సాక్ష్యము

ఒక గ్రామ చరిత్రను తెలిసికొనుటకు పరిశోధకులు మొదట శాసనములను, పిదప కైఫీయతులను, ఐతిహ్యములను ఆశ్రయించుట పరిపాటి. దేవాలయపు గోడల మీదను, కప్పుల మీదను ఉన్న వర్ణచిత్రములు పురాణగాథలుగానో, అలంకారములుగానో మాత్రమే పరిగణింపబడుచున్నవి. అవియు చరిత్రకు ఆధారములే అనుటకు లేపాక్షి వీరభద్రాలయము చక్కని నిదర్శనము.

లేపాక్షి పూర్వము అనంతపురము జిల్లాలోనిది. 2022 నుండి శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినది. కూర్మశైలమను గుట్టమీద వెలసిన ఈ ఆలయము అచ్యుతదేవరాయల కాలమున (1529–1542) విస్తరిల్లినది. పెనుగొండ సీమలో రాజోద్యోగియైన విరూపణ్ణ, అతని సోదరుడు వీరణ్ణ దీని నిర్మాతలుగా ప్రసిద్ధులు.

చిత్రరచనకు గోడను సిద్ధపరచు విధమును విష్ణుధర్మోత్తరములోని చిత్రసూత్రమును, చాళుక్య సోమేశ్వరుని మానసోల్లాసమును వివరించుచున్నవి. భిత్తిని చదును చేసి, లేపమును పూసి, అది ఆరిన పిదప రేఖను దిద్ది, వర్ణములను నింపుట అందలి సామాన్యక్రమము. లేపాక్షిలోను రాతికప్పు మీది సున్నపుపూతయే చిత్రములకు ఆధారము. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, నలుపు, తెలుపు ఇందు ప్రధానవర్ణములు. రంగులు వెలసిన చోట్లను రూపము గుర్తుపట్టవీలగుటకు స్ఫుటమైన రేఖయే కారణము.

నాట్యమండపపు కప్పుమీద పార్వతీకల్యాణము, కిరాతార్జునీయము, ద్రౌపదీస్వయంవరము, వటపత్రశాయి మున్నగునవి కలవు. ఇతివృత్తములు పౌరాణికములైనను పాత్రల వేషము మాత్రము విజయనగరకాలపు వేషమే. స్త్రీల చీరల మీది అంచులు, అద్దకపు నమూనాలు, కొప్పులు, ఆభరణములు ఆనాటి సమాజమును ప్రత్యక్షముగ చూపుచున్నవి. చిత్రకారుడు ద్వాపరయుగమును చూడలేదు; తన ఊరి జనులను చూచి వ్రాసినాడు.

వీటికంటెను చరిత్రకు సన్నిహితమైనది దాతల చిత్రము. ఇందు విరూపణ్ణ, వీరణ్ణలు పరివారసహితులై, వినయముతో, కులదైవపు విభూతిని స్వీకరించుచున్నట్లు చిత్రింపబడినారు. వారి తలపై పొడవైన కుల్లాయి కలదు. తిరుమలలోని శ్రీకృష్ణదేవరాయల విగ్రహమునందును ఇట్టి శిరోవేష్టనమే కాననగును. కుల్లాయి శబ్దము శ్రీనాథుని చాటువుగా ప్రసిద్ధమైన పద్యమున ప్రయుక్తము. నిఘంటువున అర్థము మాత్రమే దొరకు పదమునకు ఇక్కడ రూపము దొరకుచున్నది. ప్రాచీనకావ్యములను బోధించు వారికి ఇది స్వల్పలాభము కాదు.

విరూపణ్ణను గూర్చిన ఐతిహ్యము సుప్రసిద్ధము. రాజధనమును అనుమతి లేక ఆలయమునకు వ్యయపరచెనని నేరము మోపబడగా, అతడు తన కన్నులను తానే పెరికి గోడకు విసరెనని జనులు చెప్పుదురు. గోడమీది రెండు ఎర్రని మరకలను, అసంపూర్ణమైన కల్యాణమండపమును అందుకు సాక్ష్యముగ చూపుదురు. ఊరి పేరును సైతము ఈ కథకే ముడిపెట్టుదురు. కాని సంస్కృతమున ‘లేప’ శబ్దమునకు పూత యని అర్థమే కాని పోగొట్టుకొనుట యని కాదు. ఆ అర్థము ‘లోప’ శబ్దమునది. కనుక ఆ వ్యుత్పత్తి విచారణీయము.

దాతల చిత్రము ఈ కథను సమర్థింపదు, ఖండింపదు. నిర్మాత తన్ను లోకము ఎట్లు చూడవలెనని కోరెనో అది చెప్పును. లోకము అతనిని ఎట్లు స్మరించెనో ఐతిహ్యము చెప్పును. అదే ఆలయమున, ఆవుదూడ మృతికి కారకుడైన స్వకుమారునే శిక్షింపబూనిన మనునీతిచోళుని కథయు చిత్రితమై యున్నది. దీనినిబట్టి విరూపణ్ణ కథ సత్యమని నిర్ణయింపరాదు. అయినను ఆ కథను చెప్పుకొన్న జనులు రాజదండనమును గూర్చిన ఈ చిత్రమును తరతరములుగ చూచినవారే యనుట స్మరింపదగినది.

2022లో ఈ ఆలయము, ఏకశిలానందితో కూడ, యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరినది. గౌరవము కలిగినంత మాత్రమున చిత్రములు నిలువవు. శాసనము అరిగినను దాని ప్రతికృతి, ముద్రితపాఠము మిగులును. సున్నపుపూత పెచ్చులూడినచో దానితోపాటు ముఖము, వస్త్రము, వర్ణము అన్నియు పోవును. కావున ప్రతి చిత్రమునకు ఛాయాచిత్రముతో పాటు, అందలి వేషభూషలకు కావ్యములలోని పేర్లను గుర్తించి పట్టిక సమకూర్చుట అవసరము. చిత్రకళాజ్ఞునికి రేఖ తెలియును, భాషాపండితునికి పదము తెలియును. ఇరువురును కలిసి చదివిననే ఆ కప్పుమీది చరిత్ర సమగ్రముగ బోధపడును.