మల్బరీ వేరు కొనకున్న జిగురు ఎందుకు?



తోటలో అక్కడొక మొక్క, ఇక్కడొక మొక్క వాడిపోయి ఎండిపోవడం మన గుడియాత్తం, వేలూరు పక్క చాలామంది చూస్తున్నదే. నాలుగో జ్వరం లేచిన పురుగు ఆకలి మీదుండే వారంలో ఆకు తగ్గితే గూళ్ళ తూకం అక్కడే పడిపోతుంది. అప్పుడు ఏ మందు పోయాలని పరుగెత్తుతాం. వేరు తనను తాను ఎలా కాచుకుంటుందో తెలిస్తే, దాని కాపలాను మనమెక్కడ చెడగొడుతున్నామో తెలుస్తుంది.

మల్బరీ ఆకు తుంచితే పాలు కారతాయి. ఆ పాలు చాలా పురుగులకు విషం, మన పట్టుపురుగుకు మాత్రం ఏమీ కాదు. మట్టిలో వేరు కొనకు జిగురు ఉంది.

వేరు కొనకు టోపీలాంటి పొర ఉంటుంది. దాని పైకణాలు ఒక్కొక్కటే విడిపోయి జిగురులో కలిసి వేరు చుట్టూ నిలుస్తాయి. మట్టి రాపిడికి ఊడిన చచ్చిన పొట్టు అని చాలాకాలం అనుకున్నారు. అమెరికాలో ఆరిజోనా విశ్వవిద్యాలయానికి చెందిన మార్తా హాస్ అనే ఆమె, ఇవి ప్రాణమున్న కణాలేనని, వేరుకు కాపలా కాస్తాయని చూపించారు. వీటిని అంచు కణాలు అనుకుందాం. ఎక్కువ పరీక్షలు బఠాణీ మీద జరిగాయి. ఒక్క బఠాణీ వేరు కొనకు వేలల్లో ఉంటాయి. కడిగేస్తే 24 గంటల్లో మళ్ళీ తయారు.

ఇంట్లోనే చూడవచ్చు. ఎండు బఠాణీలు నానబెట్టి తడిగుడ్డలో కట్టండి. వేరు అంగుళం వచ్చాక కొనను నీటిచుక్కలో ఒక నిమిషం ఉంచి, ఆ చుక్కను పిల్లల బడిలోని మైక్రోస్కోపు కింద పెడితే విడి కణాలు కనిపిస్తాయి.

బూజు వస్తే ముందు ఈ కణాలనే పట్టుకుంటుంది. వేరు ఆ పొరను వదిలేసి ముందుకు పెరుగుతుంది, కొన శుభ్రంగా మిగులుతుంది. 2009లో ఇంకో సంగతి బయటపడింది. ఆ జిగురులో డీఎన్‌ఏ పోగులు కూడా ఉన్నాయి. తల్లిదండ్రుల పోలికలు మోసే పోగులే అవి, ఇక్కడ వలలా పనిచేస్తాయి. ఆ పోగులను కోసే పదార్థం కలిపితే బఠాణీ వేరు కొనలు బూజుకు లొంగిపోయాయి. మన రక్తంలోని తెల్లకణాలూ క్రిముల మీద ఇలాంటి వలే వేస్తాయని 2004లోనే తేలింది. శత్రువూ తక్కువది కాదు. టమాటా, వంకాయలను వాడగొట్టే బ్యాక్టీరియా ఆ వలను కోసుకుని బయటపడుతుందని 2016లో చూపించారు.

బఠాణీ మీద పరీక్షించిన బూజు ఫ్యుజేరియం సొలాని జాతిది. మన మల్బరీ వేరుకుళ్ళులో కనిపించేదీ ఆ జాతే.

బఠాణీ అంచు కణాలను తాకిన నులిపురుగులు కొంతసేపు కదలకుండా పడిపోతాయి, తరువాత లేస్తాయి. అంటే కాపలా కొన దగ్గరే, అదీ కొంతవరకే. కొన వెనుక సాగే భాగానికి, ముదురు వేరుకు తగిలిన గాయానికి ఈ జిగురు లేదు. పాలారు, కౌండిన్య నది పక్క ఇసుక నేలల్లో నులిపురుగు ఎక్కువ. అది వేరును పొడిచి బుడిపెలు లేపుతుంది, ఆ దారినే కుళ్ళు లోపలికి పోతుంది. సాలుకు ఆనుకుని పవర్ టిల్లర్ లోతుగా తోలితే ఆ దారిని మనమే తెరిచినట్టు. కలుపు త్వరగా పోతుందని ఇంతకంటే నష్టపు పని లేదని మా అభిప్రాయం.

వాడిన మొక్కను పీకి చూడండి. వేరుకు బుడిపెలుంటే నులిపురుగు. బెరడు నల్లబడి ఊడివస్తే కుళ్ళు. కుళ్ళిన మొక్కను వేరుతో సహా తీసి కాల్చండి, గుంతను ఎండకు వదలండి. నారు కొనేటప్పుడు ఆకు చూసి మోసపోకుండా వేరు చూడండి. పశువుల ఎరువులో ట్రైకోడెర్మా కలిపి వారం పది రోజులు తడిగా నీడన ఉంచి వేయండి, వేపపిండి వేయండి. ట్రైకోడెర్మా వేసిన చోటే బూజుమందు పోస్తే అదీ చస్తుంది. సాళ్ళ మధ్య బంతి నాటితే దాని వేర్లలోని పదార్థం నులిపురుగును చంపుతుంది. ఎండాకాలం నేలకు చెత్త కప్పండి, ఎండిన వేడి నేలలో మాక్రోఫోమినా అనే కుళ్ళుబూజు రేగుతుంది. నేలకు ఏ రసాయనం పోసినా గడువు రోజులు దాటేదాకా ఆ ఆకు పురుగుకు వేయవద్దు.