నీటిగీత దగ్గర తెగని కాళ్లు

భీమునివారిపాళెం రేవులో పడవెక్కి ఫ్లెమింగోలను ఫొటో తీశానని తడ నుంచి ఒక పాఠకుడు రాశారు. "కంప్యూటర్లో ముచ్చటగా ఉందండీ. చెన్నైలో ఉన్న మా బావకు ఫోన్లో పంపితే పక్షుల కాళ్ల చుట్టూ ఇసక చల్లినట్టుంది, ఆకాశం నిండా గళ్లు. పోనీ జిప్ చేసి మెయిల్లో పెడదామంటే సైజు తగ్గనే లేదు. ఏమిటీ మాయ?"

ఈ నెలకు వేరే విషయం అనుకున్నాను. పక్కన పెట్టేశాను. ఆ గళ్ల వెనక కామిశెట్టి రామమోహనరావు ఉన్నారు మరి.

ముందు చిన్న లెక్క. 2.4 కోట్ల చుక్కల ఫొటోలో చుక్కకు మూడు బైట్లు వేసుకుంటే 7.2 కోట్ల బైట్లు. కెమెరా కార్డులో దాచేది అందులో ఎనిమిదో వంతో, పదో వంతో. ఇది జేపెగ్ పని. 1992లో ప్రమాణంగా వచ్చిన ఈ పద్ధతి బొమ్మను ఎనిమిదికి ఎనిమిది చుక్కల గళ్లుగా కోసి, ఒక్కో గడిలోని 64 అంకెలను తరంగాల కూడికగా మార్చి రాస్తుంది. నాకు ఇష్టమైన ముక్క ఇదే.

ఒక్క వరుసే తీసుకుందాం. తెల్లవారుజామున నీటి మీద వెలుగు 10, 20, 30... ఇలా 80 వరకు పెరుగుతోంది. దీన్ని మామూలు ఫోరియే పద్ధతిలో తరంగాలుగా విడదీస్తే చిక్కొస్తుంది. ఈ ఎనిమిది అంకెలే మళ్లీ మళ్లీ వస్తున్నాయని ఆ లెక్క అనుకుంటుంది. అంటే 80 తరవాత దబ్బున 10. లేని గోతిని తనే తవ్వుకుని, దాన్ని పూడ్చడానికి తరంగాల మీద తరంగాలు పోస్తుంది. సగటును పక్కన పెడితే మిగతా తరంగాల బలాలు 37, 20, 15, 14, మళ్లీ 15, 20, 37. పారేయడానికి ఒక్కటీ లేదు.

ఇప్పుడు మన పాఠకుడు పడవెక్కిన సరస్సు, పులికాట్‌కు వెళ్దాం. గాలి లేని పొద్దున ఫ్లెమింగో నీళ్లలో నిలబడితే దాని కాళ్లు నీటిగీత దగ్గర తెగవు. కిందనున్న ప్రతిబింబంలోకి అలాగే సాగిపోతాయి. జేపెగ్ వాడే కొసైన్ లెక్క చేసేదీ అంతే. వరుస చివర అద్దం పెడుతుంది: 70, 80, 80, 70. గొయ్యి మాయం. అదే వరుసకు ఇప్పుడొచ్చే అంకెలు 127.3, -64.4, 0, -6.7, 0, -2, 0, -0.5. అన్నిటినీ పదితో భాగించి సవరిస్తే 13, -6, 0, -1, ఆపైన అన్నీ సున్నాలే. ఎనిమిదింటి పని మూడు అంకెలతో సరి! సున్నాల వరుసను 'ఇక్కణ్నుంచి ఏమీ లేదు' అని ఒక్క గుర్తుతో తేల్చేయొచ్చు.

ఈ అద్దం ఆలోచన బెంగళూరులో పుట్టిన నసీర్ అహ్మద్‌ది. 1972లో దీని మీద పని చేస్తానని అమెరికా నేషనల్ సైన్స్ ఫౌండేషన్‌ను డబ్బు అడిగారు. ఆలోచన మరీ సులువుగా ఉందని ఒక సమీక్షకుడు పెదవి విరిచాడట, డబ్బు రాలేదు. సులువుగా ఉండటం నేరమెప్పుడయిందో! జీతం లేని వేసవిలో కూర్చుని చేసుకున్నారాయన. గిండీలో ఇంజనీరింగ్ చదివి, టెక్సాస్‌లోని ఆర్లింగ్టన్‌లో పాఠాలు చెబుతున్న రామమోహనరావుగారూ, అహ్మద్ విద్యార్థి నటరాజన్ కూడా కలిశారు. 1974 జనవరిలో ముగ్గురి పేర్లతో చిన్న వ్యాసం అచ్చయింది. 1990లో రావుగారు సహరచయిత యిప్‌తో కలిసి ఈ ఒక్క విషయం మీదే ఏకంగా పుస్తకం రాశారు. 2021లో పోయారు. ఆ రోజు ఆయన బొమ్మ పెట్టిన పత్రికలన్నీ ఆయన లెక్కతోనే దాన్ని పంపి ఉంటాయి.

అంతకు చాలా ముందే, 1807లో, ఏ గీతనైనా తరంగాలు కూడి గీయొచ్చని గణితవేత్త ఫోరియే అంటే, మరో గణితవేత్త లగ్రాంజ్ ససేమిరా ఒప్పుకోలేదు. పొరబడ్డాడు. కానీ ఆయన బాధ పూర్తిగా అకారణం కాదు. పదునైన అంచు దగ్గర తరంగాలు నిజంగానే తంటాలు పడతాయి. తెల్లని ఆకాశం మీద సన్నని కాలు అలాంటి అంచే. దాన్ని గీయడానికి సన్నని తరంగాలన్నీ కావాలి. పంపే యాప్ సైజు తగ్గించడానికి పదితో కాక ఇంకా పెద్ద అంకెతో భాగిస్తే ముందు పోయేవి అవే. మిగిలినవి కాలు చుట్టూ అలలు రేపుతాయి, మన పాఠకుడి ఇసక అదే. ఆకాశంలో ఏ గడికా గడి విడిగా సవరించుకోవడంతో పక్క గడితో పొత్తు కుదరక గళ్లు తేలతాయి.

పాటలకూ ఇదే మంత్రం, కొంచెం మార్చి. ఎంపీత్రీలో ముక్కలు ఒకదాని మీద ఒకటి సగం ఎక్కేలా కోస్తారు, అతుకు వినపడకుండా. సీడీ నుంచి సెకనుకు 14 లక్షల బిట్లు వస్తుంటే 1 లక్షా 28 వేలతో పాట సాగిపోతుంది.

జిప్ సంగతి. తరచూ వచ్చే అంకెకు పొట్టి గుర్తు, అరుదైనదానికి పొడుగు గుర్తు ఇచ్చే హఫ్‌మన్ పద్ధతి 1952 నాటిది. జిప్ వాడేవాటిలో అదొకటి. జేపెగ్ ఆ పని ముందే చేసేసింది. పిండిన బట్టను మళ్లీ పిండితే ఏం కారుతుంది?

ఇక చిట్కా అడుగుతారు, తప్పదు కదా. ఫొటోను ఫొటోగా కాక డాక్యుమెంటుగా పంపండి. ఆ పాఠకుడు నాకు అలాగే పంపారు. కాళ్ల చుట్టూ ఇసక లేదు. తెర మీద ఎనిమిది రెట్లు పెద్దది చేసి, ఆకాశంలో ఒక మూల కళ్లు చికిలించి చూశాను. లీలగా, ఎనిమిదికి ఎనిమిది, గళ్లు అక్కడా ఉన్నాయి.