పెరటి కోడికి పుట్టుకతోనే రోగనిరోధక శక్తి

(ప్రత్యేక వ్యాసం)

నిజామాబాద్ జిల్లా మెండోర పరిసర గ్రామాలలో పసుపు పంట చేతికి రావడానికి ఎనిమిది, తొమ్మిది మాసాలు పడుతుంది. ఆ పైకం ఏడాదికి ఒక్కమారే అందుతుంది. ఈలోగా ఉప్పు పప్పులకు, పిల్లల పుస్తకాలకు ఇల్లాలికి ఆదరువుగా నిలిచేది పెరటి కోడి. కొక్కెర తెగులు సోకినచో ఆ ఆదరువు కొద్ది రోజులలోనే తుడిచిపెట్టుకుపోతుంది. సోకిన తరువాత ఈ తెగులుకు చికిత్స లేదు.

అందువలననే వ్యాధిని తట్టుకొను శక్తిని వంశపారంపర్యంగా పెంపొందించే కృషికి ప్రాధాన్యం ఏర్పడింది. 1988లో భారత వ్యవసాయ పరిశోధనా మండలి ఆధ్వర్యాన హైదరాబాదు రాజేంద్రనగర్‌లో నెలకొన్న కోళ్ల పరిశోధనా సంస్థ, పెరటి పెంపకానికై వనరాజా, గ్రామప్రియ రకాలను రూపొందించింది. వనరాజాకు రంగురంగుల ఈకలు, పొడవైన కాళ్లు ఉండుటచే కుక్క, పిల్లి బారి నుండి తప్పించుకోగలదు. పెరటిలో తిరుగుతూ ఏడాదికి సుమారు 100 నుండి 110 గుడ్లు పెడుతుంది. నాటు కోడి పెట్టేది ఇందులో దాదాపు సగమే.

నిరోధక శక్తి కొంతమేరకు తల్లిదండ్రుల నుండి సంక్రమించే లక్షణం. ఒకే షెడ్డులో, ఒకే మేతపై పెరిగిన కోళ్లలోనూ కొన్ని కుటుంబాలు రోగాన్ని తట్టుకొంటాయి, కొన్ని తట్టుకోలేవు. తట్టుకొన్న కుటుంబాల నుండి తరతరానికీ పుంజులను, పెట్టలను ఎంపిక చేయుటే ఈ పద్ధతి. బి-21 అనే జన్యురూపం గల కోళ్లు మారెక్స్ వ్యాధిని మెరుగుగా ఎదుర్కొంటాయని విదేశీ పరిశోధనలలో వెల్లడైంది. అయితే ఒక రోగాన్ని తట్టుకొన్న వంశం మరొక రోగానికి లొంగిపోవచ్చును. కేవలం బరువు కొరకే ఎంపిక చేసినచో నిరోధక శక్తి సన్నగిల్లే ప్రమాదమూ కలదు. ఫలితం తరాల మీద గాని కనిపించదు.

కనుక మేలురకం కోడికి టీకా అక్కరలేదనుట పొరపాటు. తొలిరోజున మారెక్స్ టీకా, మొదటి వారంలో లసోటా, ఎనిమిది వారాలు దాటిన తరువాత ఆర్2బి టీకా తప్పనిసరి. మొదటి ఆరు వారాలు పిల్లలను వెచ్చని గదిలోనే సాకవలెను. మరొక సంగతి గ్రామాలలో తరచు మరుగున పడుతున్నది: వనరాజా పెట్ట పొదగదు. దాని గుడ్లను నాటు పెట్ట క్రింద పొదిగించినా, పుట్టే పిల్లలలో తల్లి గుణాలు చెదిరిపోతాయి. అందుచే ప్రతి విడతకూ పిల్లలను క్రొత్తగా తెచ్చుకొనవలసినదే.

ఈ కారణముననే నాటు జాతులను కాపాడుకొనుట అవసరమగుచున్నది. పందెపు కోడిగా పేరొందిన అసీల్ మన తెలుగు నేలకు చెందిన జాతి. రాజేంద్రనగర్ సంస్థ ఆ జాతిలోనే ఎంపిక ద్వారా మెరుగుపరచిన వంశాన్ని రూపొందించింది. మేలురకం పుంజులను ఊరూరా విడిచి, నాటు మందలన్నిటినీ సంకరం చేసినచో రేపటి ఎంపికకు మూలవంశమే మిగలదు. పిల్లల పంపిణీ చేపట్టే అధికారులు స్వచ్ఛమైన నాటు మందలు గల ఇళ్లను ముందుగా గుర్తించి, వాటికి మేలురకం పుంజులను ఇవ్వక, టీకాలు మాత్రమే అందించుట సముచితం.