వార్తల్లో పదం: సీసీఏ కలప

చెదలు, బూజు పట్టకుండా రాగి, క్రోమియం, ఆర్సెనిక్ కలిపిన ద్రావణాన్ని ఒత్తిడితో లోపలికంటా పట్టించిన కలప ఇది. మందు పూర్తి పేరు క్రోమేటెడ్ కాపర్ ఆర్సెనేట్. 1933లో డెహ్రాడూన్ అటవీ పరిశోధన సంస్థలో దీన్ని కనిపెట్టింది శొంఠి కామేశం. ఆర్సెనిక్ చెదలను చంపుతుంది, రాగి బూజును ఆపుతుంది, క్రోమియం ఆ రెండింటినీ చెక్కకు పట్టి ఉంచుతుంది. పట్టు గట్టిదే కానీ పూర్తిగా కాదు. వానకు, అరుగుదలకు ఆర్సెనిక్ కొద్దికొద్దిగా బయటికొస్తుంది. అమెరికాలో పెరటి అరుగులు, పిల్లల ఆట సామాన్లు దశాబ్దాలపాటు ఈ కలపతోనే కట్టారు. పిల్లలు వాటిని తాకిన చేతులే నోట్లో పెట్టుకుంటారు. ఆర్సెనిక్ ఏమో క్యాన్సర్ కారకం. 2003 ముగిసేసరికి ఇళ్ల అవసరాలకు ఈ కలప తయారీని అక్కడి కంపెనీలు ఆపేశాయి. పాతవి చాలా ఇంకా నిలిచే ఉన్నాయి. చెడిపోకపోవడమే కదా దాని గొప్ప!

అసలు ప్రమాదం పొయ్యిలో. కాలిస్తే కొంత విషం పొగలో కలుస్తుంది, మిగతాది బూడిదలో చేరుతుంది. ఆ బూడిదతో అంట్లు తోమినా, పాదుల్లో చల్లినా ఆ విషాన్ని చేతులారా తెచ్చుకున్నట్టే. కొత్తలో లేతాకుపచ్చగా ఉండే ఈ చెక్క పాతబడితే మామూలు కలపలాగే వెలిసిపోతుంది, చూసి పోల్చలేం. ఎక్కడిదో తెలియని పాత చెక్కతో కూరగాయల మడి కట్టకండి, కత్తిపీట చేయించకండి, పొయ్యిలో అసలే పెట్టకండి.